ఊళ్లో ఇంటి టీవీకి ఏది పెట్టించాలి? ఫ్రీ డిష్, డిజిటల్ కేబుల్, డీటీహెచ్, ఫైబర్ పోలిక

ప్రభుత్వ లెక్క ప్రకారం మన దేశంలో అనలాగ్ టీవీ, అంటే బాక్సు లేకుండా వైరు నేరుగా టీవీకి పెట్టి చూసే పాత పద్ధతి, కథ ముగిసిపోయింది. కేబుల్‌ను డిజిటల్ చేయడానికి 2011లో చట్టాన్ని సవరించి, నాలుగు దశల్లో గడువులు పెట్టారు. నాలుగు మహానగరాలకు 2012 అక్టోబరు 31. హైదరాబాద్, విశాఖపట్నం ఉన్న 38 నగరాల జాబితాకు 2013 మార్చి 31. మిగతా పట్టణాలకు 2015 డిసెంబరు 31, పల్లెలకు 2017 మార్చి 31. మొదట అనుకున్నదైతే 2014 డిసెంబరుకే దేశమంతా అయిపోవాలి. బాక్సులు అందక, ఆపరేటర్లు కోర్టులకెక్కి, గడువులు జరుగుతూ వచ్చాయి. గాల్లోంచి యాంటెన్నాకు అందే దూరదర్శన్ అనలాగ్ ప్రసారాల వంతు ఆ తర్వాత వచ్చింది. వ్యూహాత్మక ప్రాంతాల్లోని ఓ యాభై ట్రాన్స్‌మిటర్లు మినహా మిగతావాటికి, దూరదర్శన్‌ను నడిపే ప్రసార భారతి 2022 మార్చి 31 గడువు పెట్టుకుంది.

ఇళ్లలో మాత్రం ప్రశ్న ఇంకా నడుస్తూనే ఉంది. ఊళ్లో పెద్దవాళ్లిద్దరే ఉంటారు. టీవీ పాతది. కేబుల్ అతను సరిగ్గా రావడం లేదు, లేదా బిల్లు పెంచాడు. పక్కింటివాళ్లు ఫ్రీ డిష్ పెట్టుకుని నెలనెలా కట్టే పనే లేదంటున్నారు. కొడుకేమో హైదరాబాద్ నుంచో డాలస్ నుంచో ఫోన్ చేసి, ఫైబర్ పెట్టించేస్తా, ఫోన్‌లో సినిమాలు కూడా చూసుకోవచ్చు అంటాడు. ఎవరి మాట వినాలో తెలియక పాత కనెక్షన్‌తోనే నెట్టుకొస్తుంటారు.

నా సలహా ముందే చెప్పేస్తాను: నెల బిల్లును చివర్లో చూడండి. అందరూ మొదట అడిగేది అదే, తర్వాత తిట్టుకునేదీ అక్కడే. దానికంటే ముందు తేల్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

## ముందు చూసుకోవాల్సినవి

ఏ చానల్ లేకపోతే ఇంట్లో గొడవ అవుతుంది? కాగితం తీసుకుని రాయండి. మీకు నచ్చినవి కాదు, ఆ ఇంట్లో రోజూ నిజంగా చూసేవి. చాలా ఇళ్లలో జాబితా ఐదారు చానళ్లు దాటదు: సాయంత్రం సీరియళ్లకు రెండు, వార్తలకు ఒకటి రెండు, పొద్దున్నే భక్తి చానల్ ఒకటి, సినిమాలకు ఒకటి. 400 చానళ్లు వస్తాయన్న మాట దగ్గర పడిపోకండి. వాటిలో ఆ ఇంటికి పనికొచ్చేవి ఆ ఐదారే. స్టార్ మా, జీ తెలుగు, జెమినీ, ఈటీవీ లాంటి పెద్ద వినోద చానళ్లు డబ్బు కట్టి చూసేవి. తెలుగు వార్తా చానళ్లలో చాలావరకు ఉచితమే, అంటే కేబుల్, డీటీహెచ్‌లలో వాటికి విడిగా ధర ఉండదు. ఈ ఒక్క తేడాతోనే సగం ఎంపిక తేలిపోతుంది.

టీవీ వెనక ఏముంది? అనలాగ్ నుంచి మారడంలో చాలా ఇళ్లు ఆగిపోయింది ఇక్కడే, అందుకే కొంచెం వివరంగా చెబుతాను. సెట్‌టాప్ బాక్స్ నుంచి టీవీకి బొమ్మ వెళ్లే దారులు ముఖ్యంగా మూడు. కొత్త ఎల్ఈడీ టీవీకి హెచ్‌డీఎంఐ ఉంటుంది. పదిహేను ఇరవై ఏళ్ల నాటి డబ్బా టీవీకి పసుపు, తెలుపు, ఎరుపు రంగుల ఏవీ పిన్నులు ఉంటాయి. ఇంకా పాతవాటికి, అంటే డయనోరా, హైదరాబాద్ ఈసీఐఎల్ వాళ్ల ఈసీ టీవీ కాలం నాటివాటికి, వెనక యాంటెన్నా వైరు దూర్చే రంధ్రం ఒక్కటే ఉండొచ్చు. అలాంటి దానికి మామూలు బాక్సు నేరుగా కుదరదు. మధ్యలో ఆర్‌ఎఫ్ మాడ్యులేటర్ అనే చిన్న డబ్బా పెట్టాలి, లేదా ఆర్‌ఎఫ్ అవుట్ ఉన్న బాక్సు వెతకాలి. ఆ తిప్పలు పడేకన్నా చిన్న ఎల్ఈడీ కొనడం నయం. ఊళ్లో ఎవరైనా ఉంటే టీవీ వెనక భాగాన్ని ఫొటో తీసి వాట్సాప్‌లో పంపమనండి. అది చూడకుండా ఏ ఆర్డరూ పెట్టకండి.

ఆకాశం కనిపిస్తుందా? ఫ్రీ డిష్‌కైనా, డబ్బు కట్టే డీటీహెచ్‌కైనా డిష్‌కు ఎదురుగా అడ్డం ఉండకూడదు. ఫ్రీ డిష్ వచ్చే జీశాట్-15 ఉపగ్రహం 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంటుంది. హైదరాబాద్ నుంచి చూస్తే అది సరిగ్గా ఆగ్నేయం వైపు, నేల నుంచి 60 డిగ్రీలు దాటిన ఎత్తులో. అంటే బాగా పైకి. దూరంగా ఉన్న బిల్డింగులు అడ్డం రావు. దగ్గర్లోని వేపచెట్టు, కొబ్బరిచెట్టు, పక్కింటివాళ్లు కొత్తగా లేపిన అంతస్తు మాత్రం అడ్డం వస్తాయి. మిగతా డీటీహెచ్ కంపెనీల ఉపగ్రహాలు కూడా మనకు దక్షిణానికీ తూర్పుకీ మధ్యనే ఉంటాయి. అపార్ట్‌మెంటులో ఉత్తరం బాల్కనీ ఒక్కటే మీదైతే, పైకప్పు మీద చోటిస్తారో లేదో అడిగాకే డిష్ మాట ఎత్తాలి.

ఇంట్లో ఎన్ని టీవీలు? పాత అనలాగ్ కేబుల్‌లో ఒక వైరును స్ప్లిటర్‌తో చీల్చి హాల్లో ఒకటి, పడగ్గదిలో ఒకటి నడిపేవాళ్లు. రెండో టీవీకి పైసా లేదు. డిజిటల్‌లో ప్రతి టీవీకీ ఒక బాక్సు కావాలి. కేబుల్, డీటీహెచ్‌లలో దానికి వేరే నెల ఖర్చు కూడా పడుతుంది. మార్పుకి జనం ఎదురు తిరగడానికి పెద్ద కారణం ఇదేనని నా నమ్మకం, దీన్నెవరూ పెద్దగా పట్టించుకోలేదు.

ఆగిపోతే ఎవరొస్తారు? అనలాగ్‌లో సిగ్నల్ బలహీనపడితే తెర నిండా చుక్కలు వచ్చేవి, మాట మాత్రం వినిపించేది. డిజిటల్‌లో మధ్యస్థం లేదు. బొమ్మ గళ్లు గళ్లుగా విరిగి ఆగిపోతుంది, మాటా పోతుంది. కాబట్టి బాగుచేసే మనిషి అవసరం ఇప్పుడే ఎక్కువ. ఆ మనిషి సొంతూరివాడా, మండల కేంద్రంలో ఉంటాడా, కాల్ సెంటర్ నంబరు వెనక ఉంటాడా అన్నది నెలకు యాభై రూపాయల తేడా కన్నా పెద్ద విషయం.

రిమోట్ ఎవరి చేతిలో? డిజిటల్ అంటే రెండు రిమోట్లు. పొరపాటున టీవీ రిమోట్ మీద ఏవీ బటన్ నొక్కితే తెర నీలంగా మారిపోతుంది, పెద్దవాళ్లు టీవీ పాడైందనుకుని కూర్చుంటారు. చానల్ నంబర్లు కూడా మారిపోతాయి. ఏళ్ల తరబడి ఫలానా నంబరు నొక్కితే సీరియల్ వస్తుందని అలవాటైన వేళ్లకి ఇది చిన్న కష్టం కాదు.

## డీడీ ఫ్రీ డిష్

ఇది దూరదర్శన్ వాళ్ల ఉచిత డిష్ సేవ. 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో మొదలైంది. ఒక్కసారి డిష్, ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందు బిగించి సిగ్నల్ అందుకునే భాగం), వైరు, బాక్సు కొనుక్కుంటే నెల చందా ఉండదు. రీఛార్జ్ అయిపోవడం అనే మాటే లేదు. మొత్తం ఖర్చు సుమారు 1,500 నుంచి 2,000 రూపాయలు, బిగించే మనిషి కూలీ ఊరిని బట్టి అటూఇటూ. కంపెనీ బాక్సు కాదు కాబట్టి ఏ కంపెనీకీ కట్టుబడి ఉండక్కర్లేదు.

డీడీ యాదగిరి, డీడీ సప్తగిరి వస్తాయి. పిల్లల చదువుకు పీఎం ఈ-విద్య చానళ్లున్నాయి. క్రికెట్ అభిమానులకు తెలియని లాభం ఒకటుంది. జాతీయ ప్రాధాన్యం ఉన్నవిగా కేంద్రం ప్రకటించిన మ్యాచ్‌ల సిగ్నల్‌ను హక్కులు కొన్న చానల్ ప్రసార భారతితో పంచుకోవాలని 2007 నాటి చట్టం చెబుతోంది. అయితే ఆ సిగ్నల్‌ను దూరదర్శన్ తన సొంత ట్రాన్స్‌మిటర్లు, ఫ్రీ డిష్‌ల మీదే చూపించాలని 2017లో సుప్రీంకోర్టు తేల్చింది. అందుకే ఫ్రీ డిష్ ఇంట్లో డీడీ స్పోర్ట్స్ మీద మ్యాచ్ నడుస్తుంటే, అదే చానల్ కేబుల్ ఇంట్లో ఇంకేదో చూపిస్తుంటుంది. ఐపీఎల్‌కు ఇది వర్తించదు, ఆశ పెట్టుకోకండి.

ఇక అసలు లోటు. ఫ్రీ డిష్ మీద ప్రైవేటు చానళ్లు వేలంలో స్లాట్ కొనుక్కుని వస్తాయి. అక్కడ హిందీదే రాజ్యం. తెలుగు సీరియళ్ల పెద్ద చానళ్ల కోసం చూసేవాళ్లకు నిరాశే. ఏటా వేలంతో జాబితా మారుతుంటుంది కూడా. కొట్టువాడు చెప్పింది నమ్మకుండా, ఇప్పటికే పెట్టుకున్న పక్కింట్లో ఓ పది నిమిషాలు కూర్చుని చానళ్లు తిప్పి చూడండి. మీ కాగితం మీది జాబితాలో సగం కూడా కనిపించకపోతే, ఉచితమైనా అది మీకు కాదు.

కొనేటప్పుడు ఎంపెగ్-4 అనే కొత్త రకం సిగ్నల్ అందుకునే బాక్సే అడగండి. చవగ్గా దొరుకుతుందని పాత ఎంపెగ్-2 బాక్సు అంటగడితే కొన్ని చానళ్లు రావు. కొత్త టీవీ కొనే ఆలోచన ఉంటే, లోపలే శాటిలైట్ ట్యూనర్ ఉన్నది దొరుకుతుందేమో అడగండి. వీటికి భారత ప్రమాణాల సంస్థ 2022లో ప్రమాణం ప్రకటించింది. అలాంటి టీవీకి డిష్ వైరు నేరుగా దూర్చితే చాలు, బాక్సూ రెండో రిమోట్ గోలా రెండూ ఉండవు. ఇంకా ఎక్కువ మోడళ్లలో రావడం లేదు కానీ, పెద్దవాళ్ల ఇంటికి అంతకంటే మంచి ఏర్పాటు నాకు తెలియదు.

రెండు టీవీల ఇంటికి ఫ్రీ డిష్‌తో మరో సుఖం ఉంది. రెండు అవుట్‌లు ఉన్న ఎల్‌ఎన్‌బీ పెట్టి ఇంకో బాక్సు కొంటే సరి, నెల ఖర్చు సున్నాగానే ఉంటుంది.

## డిజిటల్ కేబుల్

కేబుల్‌ను డిజిటల్ చేయడం వెనక బొమ్మ బాగుండాలన్న కోరిక ఒక్కటే లేదు. ఆపరేటర్లు తమ దగ్గరున్న కనెక్షన్లను తక్కువ చేసి చూపిస్తున్నారని, తమకు రావాల్సిన చందా రావడం లేదని చానళ్లవాళ్ల ఫిర్యాదు. ప్రభుత్వానికి పన్నూ సరిగ్గా అందేది కాదు. బాక్సుకో నంబరు ఉండటంతో ప్రతి ఇల్లూ లెక్కలోకి వచ్చింది. ఊరి ఆపరేటర్లు అంత గట్టిగా ఎందుకు వ్యతిరేకించారో దీన్నిబట్టి తెలుస్తుంది. కొత్త హెడ్ఎండ్‌లు (చానళ్ల సిగ్నల్ అందుకుని వైర్లలోకి పంపే కేంద్రాలు), కొత్త వైర్లు పెట్టాల్సింది వాళ్లే, ఆదాయం పంచుకోవాల్సిందీ వాళ్లే.

బాక్సు ఖర్చు ఇంటివాళ్ల మీద పడింది. ఇతర దేశాల్లో కొన్ని చోట్ల ప్రభుత్వం చేయి వేసింది. 2009 జూన్ 12న అమెరికా పూర్తి స్థాయి టవర్ల అనలాగ్‌ను ఆపేసే ముందు, పాత టీవీలకు పెట్టే కన్వర్టర్ బాక్సు కోసం ఇంటికి 40 డాలర్ల కూపన్లు రెండు ఇచ్చింది. అయినా సిద్ధం కాని ఇళ్లు చాలా ఉన్నాయని ఫిబ్రవరి నుంచి జూన్‌కు వాయిదా వేసింది. మన పొరుగున తమిళనాడు తన ప్రభుత్వ కేబుల్ సంస్థ ద్వారా 2017 నుంచి బాక్సులు ఉచితంగా పంచింది. తెలుగు రాష్ట్రాల్లో ఆపరేటర్‌తో బేరమాడి కొనుక్కున్నవాళ్లే ఎక్కువ.

కేబుల్‌కి ఉన్న పెద్ద బలం కేబుల్ అబ్బాయి. పేరు పెట్టి పిలిస్తే వస్తాడు, వైరు తెగితే నిచ్చెనేసుకుని ఎక్కుతాడు, డబ్బు నెల మధ్యలో ఇచ్చినా ఊరుకుంటాడు. ఊరి జాతర, పక్కూరి వార్తలు చూపే లోకల్ చానల్ కూడా కేబుల్ మీదే వస్తుంది. వానకి ఉపగ్రహ సిగ్నల్ పోవడం ఇంటి దగ్గర ఉండదు, ఆపరేటర్ దగ్గరి పెద్ద డిష్‌లు చిన్నవాటి కన్నా తట్టుకుంటాయి.

బలహీనత కూడా ఆ అబ్బాయే. అతను బాగుంటే బాగుంటుంది. ఊరికి ఒకే ఆపరేటర్ ఉంటే మీకు వేరే దిక్కు లేదు. వీధి చివరి ఇళ్లకు పాత వైరు, తుప్పు పట్టిన జాయింట్ల వల్ల సిగ్నల్ తగ్గి బొమ్మ విరుగుతుంది. బాక్సు మార్చి లాభం లేదు, స్తంభం నుంచి ఇంటి దాకా కొత్త ఆర్‌జీ-6 వైరు లాగమని అడగండి. చాలా ఫిర్యాదులు అక్కడితో తీరిపోతాయి.

బిల్లు లెక్క ఎలా ఉంటుందో తెలుసుకుని ఉండటం మంచిది. 2019 ఫిబ్రవరిలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త టారిఫ్ వచ్చినప్పుడు ఏ చానల్ ఎంచుకోవాలో తెలియక ఇళ్లలో ఎంత టెన్షన్ పడ్డారో గుర్తుండే ఉంటుంది. అప్పటి నుంచీ బిల్లు రెండు ముక్కలు: కనెక్షన్‌కు కట్టే నెట్‌వర్క్ ఫీజు, పైన చానళ్ల ధర. నెట్‌వర్క్ ఫీజుకి 130 రూపాయల పరిమితి ఉండేది, 18 శాతం జీఎస్టీ కలిపితే 153 రూపాయల 40 పైసలు. నాలుగు పెద్ద తెలుగు చానళ్లు ఒక్కోటి 19 రూపాయలు అనుకుంటే 76, పన్నుతో దాదాపు 90. అంటే మొత్తం 243 దాకా. 2024లో ట్రాయ్ ఆ పరిమితి తీసేసింది కాబట్టి ఇప్పుడు ఫీజు ఎంతన్నది ఆపరేటర్ ఇష్టం. లెక్క పద్ధతి మాత్రం అదే. బిల్లు 350 అంటే ఆ పైది ఏ బొకేకి (గుత్తగా అమ్మే చానళ్ల కట్టకి) పోతోందో అడగండి. చూడని తమిళ, హిందీ చానళ్ల బొకే తీయించేస్తే బిల్లు దిగుతుంది.

## డబ్బు కట్టే డీటీహెచ్

టాటా ప్లే, ఎయిర్‌టెల్, సన్ డైరెక్ట్, డిష్ టీవీ: ఈ నాలుగూ మిగిలాయి. తెలుగు చానళ్లన్నీ దొరుకుతాయి, కేబుల్ లేని తోట ఇంటికీ వస్తాయి, దూరాన ఉన్న పిల్లలు ఫోన్‌లోంచే రీఛార్జ్ చేసేయొచ్చు. డాలస్ కొడుకులకు ఇది బాగా నచ్చేది అందుకే.

ఇబ్బందులు రెండు. వీళ్లందరి సిగ్నల్ వచ్చేది కేయూ బ్యాండ్ అనే తరంగాల మీద, గట్టి వాన పడితే అది పోతుంది. ఫ్రీ డిష్‌కూ ఇదే జబ్బు. ఉరుముల వాన అరగంటలో తగ్గితే బొమ్మ తిరిగొస్తుంది. కానీ కోస్తాలో తుపాను గాలికి డిష్ రెండు డిగ్రీలు తిరిగిందంటే మనిషి వచ్చి సరిచేసేదాకా తెర ఖాళీ. రెండోది, బాక్సు ఆ కంపెనీకే పనికొస్తుంది. కంపెనీ మారితే పాత బాక్సు అటకెక్కాల్సిందే. ఏ బాక్సయినా ఏ కంపెనీకైనా పనిచేసేలా ఉండాలని ట్రాయ్ 2020 ఏప్రిల్‌లో సిఫారసు చేసింది, అది మాటగానే ఉండిపోయింది. కాబట్టి ఏడాది ఆఫర్ చూసి తొందరపడకండి. ముందు ఆ కంపెనీ మనిషి మీ మండలంలో ఉన్నాడా అని కనుక్కోండి.

## ఫైబర్ ద్వారా టీవీ

ఆంధ్రప్రదేశ్‌లో 2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్, నెలకు 149 రూపాయలకు ఇంటర్నెట్, టీవీ, ఫోన్ మూడూ ఇస్తామంటూ వచ్చింది. తర్వాత ధరలు మారాయి. ప్రైవేటు బ్రాడ్‌బ్యాండ్ కంపెనీలూ ఇప్పుడు టీవీని కలిపి ఇస్తున్నాయి. ఇంట్లో చదువుకునే పిల్లలో, ఇంటి నుంచి పనిచేసేవాళ్లో ఉంటే నెట్ ఎలాగూ కావాలి, అప్పుడు టీవీకి అదనంగా పడేది తక్కువే.

ఇద్దరే పెద్దవాళ్లున్న ఇంటికి మాత్రం నేను దీన్ని మొదటి ఎంపికగా చెప్పను. కరెంటు పోతే టీవీతో పాటు మోడెమ్‌కూ ఇన్వర్టర్ కావాలి. కరెంటు స్తంభాల మీదుగా లాగిన ఫైబర్ గాలివానకి తెగితే నెట్, ఫోన్, టీవీ మూడూ ఒకేసారి పోతాయి. బాగుచేసేది మళ్లీ ఊరి కేబుల్ ఆపరేటరే. ఏపీ ఫైబర్‌నెట్ ఇంటింటికీ చేరింది వాళ్ల చేతుల మీదుగానే కదా.

## ఫోన్, ఓటీటీ, యాంటెన్నా

ఓటీటీ ఒక్కదానితో సరిపెట్టుకోవడం కుర్రాళ్లకు కుదురుతుంది. హెచ్‌డీలో చూస్తే గంటకు ఒకటిన్నర నుంచి మూడు జీబీ దాకా ఖర్చవుతుంది, రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్ ఒకటి రెండు సీరియళ్లకే అయిపోతుంది. దూరదర్శన్ చానళ్లు మాత్రమే కావాలంటే, ప్రసార భారతి 2024 నవంబరులో తెచ్చిన వేవ్స్ యాప్‌లో చూసుకోవచ్చు.

గాల్లోంచి డిజిటల్‌గా అందే డీవీబీ-టీ2 గురించి కొందరు అడుగుతుంటారు. దూరదర్శన్ దీన్ని 2016లో 16 నగరాల్లో మొదలుపెట్టింది, ఆ మొదటి జాబితాలో హైదరాబాద్ లేదు. దీని కోసం యాంటెన్నా కొనొద్దు.

## ఒక్క చూపులో

| | మొదటి ఖర్చు | నెల ఖర్చు | పెద్ద తెలుగు చానళ్లు | గాలివానలో | రెండో టీవీ | బాగుచేసేది |
|---|---|---|---|---|---|---|
| ఫ్రీ డిష్ | 1,500–2,000 | లేదు | దాదాపు లేవు | ఆగుతుంది | బాక్సు ఖర్చే | స్థానిక మెకానిక్ |
| డిజిటల్ కేబుల్ | బాక్సు, బేరం మీద | ఉంది | అన్నీ | వైరు తెగితేనే ఆగుతుంది | వేరే బాక్సు, వేరే ఫీజు | ఊరి ఆపరేటర్ |
| డీటీహెచ్ | బాక్సు, డిష్, ఆఫర్‌ను బట్టి | ఉంది | అన్నీ | ఆగుతుంది | వేరే బాక్సు, వేరే ఫీజు | కంపెనీ మనిషి |
| ఫైబర్ | బాక్సు, మోడెమ్ | నెట్‌తో కలిపి | ప్యాక్‌ను బట్టి | తెగితే అన్నీ పోతాయి | కంపెనీని బట్టి | ఆపరేటర్ లేదా కంపెనీ |

## ఎవరికి ఏది

ఊళ్లో పెద్దవాళ్లిద్దరే ఉండి, అమ్మకు సాయంత్రం సీరియళ్లు తప్పనిసరైతే, ఆపరేటర్ మంచివాడైతే కేబులే ఉంచండి. బిల్లులోంచి అనవసరపు బొకేలు తీయించండి, వైరు మార్పించండి. ఆపరేటర్ ఫోన్ ఎత్తని రకమైతే డీటీహెచ్‌కు మారండి, రీఛార్జ్ బాధ్యత పిల్లలు తీసుకోండి. గడువు తేదీ ఫోన్‌లో పెట్టుకోండి. పండగ ముందురోజు రీఛార్జ్ అయిపోయి తెర నల్లబడితే ఆ మాటలు మీరే వినాలి.

దూరదర్శన్‌లో వచ్చే వార్తలు, పాత సినిమాలు, క్రికెట్ చాలనుకునే ఇంటికి ఫ్రీ డిష్‌ను మించింది లేదు. హిందీ బాగా అర్థమయ్యే ఇళ్లు, పాతబస్తీ ఉర్దూ ఇళ్లు దీంతో హాయిగా ఉంటాయి. తోటలోనో, పౌల్ట్రీ షెడ్డు దగ్గరో కాపలా ఉండేవాళ్లకూ ఇదే, నెలనెలా కట్టే బాధ ఉండదు. మన్యంలో, గిరిజన తండాల్లో ఉండేవాళ్లు ఒక విషయం తెలుసుకోండి. 2023 జనవరిలో కేంద్రం ఆమోదించిన బైండ్ పథకంలో మారుమూల, గిరిజన, తీవ్రవాద ప్రభావిత, సరిహద్దు ప్రాంతాలకు 8 లక్షల ఫ్రీ డిష్ బాక్సులు ఉచితంగా ఇవ్వాలన్న లక్ష్యం పెట్టారు. కొనే ముందు మండల ఆఫీసులో ఒకసారి అడగండి.

నగరంలో అద్దెకుండేవాళ్లకు డిష్ వద్దు. ఇల్లు మారిన ప్రతిసారీ విప్పడం, బిగించడం, ఓనర్‌తో పైకప్పు పంచాయితీ. బ్రాడ్‌బ్యాండ్ ఎలాగూ ఉంటుంది కాబట్టి దాంతో వచ్చే టీవీ, లేదంటే అపార్ట్‌మెంటుకి ఇప్పటికే ఉన్న కేబుల్.

రెండు మూడు టీవీలున్న ఉమ్మడి కుటుంబానికి రెండూ కలపడమే లాభం. హాల్లో టీవీకి కేబుల్, ముసలాయన గదిలో టీవీకి ఫ్రీ డిష్. రెండో కనెక్షన్‌కు నెల ఫీజు కట్టే బదులు ఒక్కసారి ఖర్చుతో అయిపోతుంది. పెద్దాయన వార్తలకు హాల్లో సీరియల్ ఆపమనే గొడవ కూడా ఉండదు.

తుపాన్లు తరచుగా వచ్చే కోస్తా ఊళ్లలో ఏది పెట్టుకున్నా దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోకండి. పూర్వం బ్యాటరీ టీవీకి చిన్న యాంటెన్నా లాగి కరెంటు లేకపోయినా తుపాను వార్తలు చూసేవాళ్లు. అనలాగ్ టవర్లు మూతపడ్డాక ఆ దారి పోయింది. ఇంట్లో బ్యాటరీతో నడిచే రేడియో ఒకటి ఉంచండి, ఆకాశవాణి దానికి అందుతుంది.

## బిగించే రోజు

టెక్నీషియన్ ఉండగానే మూడు పనులు చేయించండి. బాక్సు రిమోట్‌తోనే టీవీ ఆన్, సౌండు పనిచేసేలా జత చేయమనండి, చాలా రిమోట్లకు ఆ సౌకర్యం ఉంటుంది. టీవీ రిమోట్‌ను అలమారలో దాచేయండి. రోజూ చూసే ఆరు చానళ్ల కొత్త నంబర్లు అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి, టీవీ పక్కన అతికించండి. మెకానిక్ నంబరు కూడా దాని మీదే రాయండి. కరెంటు వచ్చి పోయాక బాక్సు తిరిగి లేవడానికి ఒకటి రెండు నిమిషాలు పడుతుందని, ఈలోపు ఏ బటనూ నొక్కొద్దని పెద్దవాళ్లకు చెప్పండి. సగం ఫోన్లు దీని గురించే వస్తాయి.

పాత కనెక్షన్ వదిలేస్తున్నట్లయితే, బాక్సు అద్దెకిచ్చిందా అమ్మిందా అన్నది రసీదులో చూడండి. అద్దెదైతే తిరిగిచ్చి డిపాజిట్ అడగండి. ఇంకా తేల్చుకోలేకపోతుంటే పూర్తిగా మానెయ్యకుండా ఒక నెల తాత్కాలికంగా ఆపమనండి. ఆ నెలంతా కొత్తది చూస్తే, మళ్లీ పాతదానికి వెళ్లాలనిపిస్తుందో లేదో ఇంట్లోవాళ్లే చెబుతారు.